సెలవుల్లో పిల్లలకు ఖాళీ గంట

అందరికీ నమస్కారం. సెలవుల టైమ్‌టేబుల్ వేసేటప్పుడు రోజుకో గంటైనా పిల్లల సొంత ఆటకు వదలండి. కోచింగ్ ఆటలు ఇందులోకి రావు, అక్కడ నియమాలన్నీ పెద్దలవే. ఐక్యరాజ్యసమితి 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో ఆటను హక్కుగానే గుర్తించింది.

మొదట్లో "బోర్ కొడుతోంది" అంటారు. చాలామంది అక్కడే ఫోన్ చేతికిచ్చేస్తారు, ఇక ఆట మొదలే కాదు. పది, పదిహేను నిమిషాలు ఓపిక పట్టండి. రెండు అట్టపెట్టెలు, ఒక పాత దుప్పటి, బట్టల క్లిప్పులు అందేచోట పెట్టి పక్కకు తప్పుకోండి. కీ ఇచ్చే బొమ్మ ఒక్క పనే చేస్తుంది. అట్టపెట్టె కాసేపు బస్సు, కాసేపు కొట్టు.

గొడవపడితే వెంటనే తీర్పు చెప్పొద్దు. సర్దుకోవడం, కొత్త నియమం పెట్టుకోవడం వాళ్లకు అబ్బేది అప్పుడే. దెబ్బలు తగిలేలా ఉంటేనే కల్పించుకోండి. చిన్నపిల్లలుంటే పొడవాటి తాళ్లు, ప్లాస్టిక్ కవర్లు మాత్రం అందనివ్వకండి.