తిరగబెట్టినంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు

సంపాదకులకు,

ప్రభుత్వాసుపత్రిలోని సుఖవ్యాధుల క్లినిక్‌లో కౌన్సెలర్‌గా పనిచేస్తున్న నేను, జననాంగ హెర్పిస్ (కలయిక ద్వారా అంటుకుని పొక్కులు తెచ్చే వైరస్ జబ్బు) సోకిన దంపతుల గురించి మీ పాఠకులకు ఒక మాట చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను. మొదటిసారి పొక్కులు వచ్చినప్పుడు భార్యాభర్తలు ఎలాగో సర్దుకుంటారు. కాపురం చెడేది రెండోసారో మూడోసారో తిరగబెట్టినప్పుడు. "అప్పుడు పూర్తిగా తగ్గింది కదా, మళ్ళీ ఎక్కణ్ణుంచి తెచ్చావు?" అని భర్త మా ఎదుటే నిలదీస్తుంటే, జవాబు చెప్పలేక చేతిలోని ఓపీ చీటీని మడతల మీద మడతలు పెడుతూ కూర్చున్న భార్యలను చూశాను. ఆ తరువాత పెద్దమనుషుల్లో పెట్టి ఆమెను పుట్టింట్లో దింపి వచ్చినవారూ ఉన్నారు.

నిజానికి మళ్ళీ ఎక్కణ్ణుంచీ తేనక్కరలేదు. హెర్పిస్ వైరస్ ఒకసారి ఒంట్లో చేరాక వెన్ను దిగువన నరాల మొదళ్ళలో జీవితాంతం ఉండిపోయి, జ్వరమో తీవ్రమైన ఒత్తిడో నెలసరో కారణంగా, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానే, పైకి వస్తుంది. పెళ్ళికి ముందెప్పుడో సోకి, ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ చూపకుండా ఉండి, కాపురం మధ్యలో తొలిసారి బయటపడవచ్చు కూడా. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో రక్తపరీక్ష తేల్చలేదు. 15 నుంచి 49 ఏళ్ళలోపు వారిలో సుమారు 52 కోట్ల మందికి, జననాంగ హెర్పిస్‌కు ముఖ్య కారణమైన టైప్-2 రకం వైరస్ ఉన్నట్టు 2020 సంవత్సరానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. వారిలో చాలామందికి తమకు ఉన్నట్టే తెలియదు.

ఎసైక్లోవిర్ మాత్రలు వైరస్‌ను తుదముట్టించవు గాని, చురచుర మొదలవగానే వేసుకుంటే బాధ త్వరగా తగ్గుతుంది. పుండ్లు పూర్తిగా మానేదాకా కలయిక వద్దు. మిగతా రోజుల్లో కండోమ్ ముప్పును తగ్గిస్తుందే తప్ప పూర్తిగా ఆపలేదు. తరచూ తిరగబెట్టేవారికి వైద్యులు రోజూ వేసుకునే మాత్రలు రాస్తారు, వాటివల్ల జీవిత భాగస్వామికి సోకే అవకాశమూ తగ్గుతుంది. గర్భిణి అయితే ఈ సంగతి కాన్పు చేసే డాక్టరుకు తప్పక చెప్పాలి, ఎందుకంటే నొప్పులు మొదలైన వేళకు పుండ్లు ఉంటే బిడ్డకు సోకకుండా సిజేరియన్ చేయవలసి వస్తుంది.

ఇక నా ఫిర్యాదు. సుఖవ్యాధులను సమూలంగా నయం చేస్తామంటూ వచ్చే ప్రకటనలను నమ్మి వేలకు వేలు పోసినవారే, జబ్బు తిరగబెట్టగానే భార్యను అందరికంటే గట్టిగా అనుమానిస్తున్నారు. ఇలాంటి ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. వాటిని ఏ పత్రికా అచ్చు వేయకూడదని, మందు రాసే వైద్యులు తొలిరోజే దంపతులిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, ఇది మళ్ళీ రావచ్చని, వస్తే అది కొత్త తప్పుకు సాక్ష్యం కాదని స్పష్టంగా చెప్పాలని వేడుకుంటున్నాను.

— ఒక కౌన్సెలర్, ప్రకాశం జిల్లా