వార్షిక నివేదిక: పులికాట్ యాత్ర, ఇతర కార్యక్రమాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, సంక్రాంతి ముగ్గులు, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి సభలో చదువుతారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు జనవరిలో వెళ్ళొచ్చిన పులికాట్ యాత్రకే ఇస్తున్నాను. చెన్నై నుంచి నెల్లూరు వెళ్ళేటప్పుడల్లా మనం పట్టించుకోకుండా దాటిపోయే సరస్సు అది. ఉప్పు, మంచినీళ్ళు కలిసే సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత ఇదే పెద్దది. ఎక్కువ భాగం ఆంధ్రలో, కొంత తమిళనాడులో ఉంది. ప్రళయ కావేరి అని దీనికి చక్కని తెలుగు పేరుంది.

మాధవరంలో వ్యాన్లు ఎక్కి, పొన్నేరిలో ఇడ్లీ, పొంగల్ తిని పళవేర్కాడు, అంటే పులికాట్ ఊరు, చేరాం. 1613లో డచ్చివాళ్ళు కట్టిన గెల్డ్రియా కోట శిథిలమైపోయింది. వాళ్ళ సమాధుల తోట మాత్రం పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది. గుమ్మం దగ్గర చెక్కిన అస్థిపంజరాల ముందు నుంచి పిల్లల్ని కదిలించడం కష్టమైంది.

అక్కడి నుంచి వంతెన దాటి లైట్‌హౌస్ వైపు ఇసుకతిన్నెలకు వెళ్ళాం. ఒక పక్క సరస్సు, ఇంకో పక్క సముద్రం. గాలి మోసుకొచ్చే ఇసుకను రావణాసురుడి మీసాలనే ముళ్ళగడ్డి, నేలమీద పాకే బాలబంద తీగ పట్టి ఆపుతాయి. ఏళ్ళ తరబడి అలా ఆగి పెరిగినదే తిన్నె. తుపాను కెరటం వస్తే ముందు దెబ్బ కాచుకునేది అదే. వాననీరు ఇసుకలోకి ఇంకి, తేలిక కాబట్టి అడుగునున్న ఉప్పునీటి మీద నిలుస్తుంది. అందుకే ఇలాంటి తిన్నెల్లో చెలమ తవ్వితే తాగే నీళ్ళు పడతాయి. ఇది విని పిల్లలు అడిగిన ప్రశ్నలకు అంతు లేదు. తీగలు తొక్కకండని చెప్పాక, ఉత్త ఇసుక ఉన్న చోటే చూసుకుని జారారు. చెప్పిన మాట విన్నందుకు వాళ్ళను అభినందిస్తున్నాను.

పడవ షికారు కావాలని కొందరు గట్టిగానే అడిగారు. 2011 డిసెంబరులో ఇక్కడ పడవ మునిగి 20 మందికి పైగా చనిపోయారు. కార్యవర్గం ఒప్పుకోలేదు, అది సరైన నిర్ణయమేనని నా నమ్మకం. ఆ సమయంలో జాలర్లతో కూర్చున్నాం. రొయ్యల కోసం ఏ రోజు ఎవరు ఎక్కడ వల కట్టాలో ఊరివాళ్ళే చీట్లు వేసుకుని వంతులు పెట్టుకుంటారు. దాన్ని పాడు అంటారు. సముద్రపు ముఖద్వారం ఇసుకతో పూడిపోతే సరస్సులోకి రొయ్య పిల్ల రాదని, వాళ్ళకు అదే పెద్ద టెన్షన్ అని చెప్పారు.

మధ్యాహ్నం ఒక జాలరి కుటుంబం ఎండ్రకాయల పులుసు, రొయ్యల వేపుడు, చేపల పులుసు వండిపెట్టింది. మామిడికాయల కాలం కాదు కాబట్టి పులుసుకు చింతపండు పులుపే. మన నెల్లూరు సభ్యులు దానికి కాస్త నొచ్చుకున్నా రెండోసారి వడ్డించుకున్నారు. శాకాహారులకు ఇళ్ళ నుంచి తెచ్చిన పులిహోర, పెరుగన్నం సరిపోయాయి.

తర్వాత తడ మీదుగా సూళ్ళూరుపేట వెళ్ళి చెంగాళమ్మను దర్శించుకున్నాం. ఆ గుడి తలుపులు రాత్రీపగలూ తెరిచే ఉంటాయి. శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్య నుంచే పోతుంది. రోడ్డుకు రెండు వైపులా లోతులేని నీళ్ళలో ఫ్లెమింగోలు ముక్కు తలకిందులుగా పెట్టి మేస్తున్నాయి. చంద్రయాన్ వెళ్ళింది ఈ దీవి నుంచే అనగానే పిల్లలు పక్షుల్ని వదిలి అటు తిరిగారు. దీవిలోకి అనుమతి లేదు కాబట్టి అక్కడి నుంచే చూసి వెనుదిరిగాం. దారిలో వేడివేడి పులిబొంగరాలు తిని ఇళ్ళకు చేరాం.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు ప్రతిపాదనలు పెడుతోంది. యాత్ర మళ్ళీ పులికాట్‌కే ఉండాలి, ఈసారి నేలపట్టు పక్షుల కేంద్రం కూడా కలిపి. భోజనం బయటి హోటల్లో కాకుండా ఊళ్ళోని కుటుంబాల దగ్గరే, ముందుగా డబ్బు కట్టి ఏర్పాటు చేసుకోవాలి. ప్లాస్టిక్ సీసాలకు బదులు నీళ్ళ క్యాన్లు, స్టీలు గ్లాసులు సంఘమే తెస్తుంది. అభ్యంతరాలుంటే సభలోనే చెప్పండి.

కార్యదర్శి