వరద డబ్బులు, గొలుసు స్కీములు: మన కాలనీ సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం అండి. ప్రతి ఏడాది ఈ రిపోర్టులో డ్రైన్లు, వీధి లైట్లు, చవితి పందిరి, జమాఖర్చులు రాస్తాం కదా, ఈసారీ అవి ఉన్నాయి గానీ చివర్లో నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, ఎందుకంటే ఈ ఏడాది కమిటీ టైమంతా ఒక్క విషయానికే పోయింది, అదేంటో మీలో చాలామందికి తెలుసు, కొంతమంది తెలిసినా తెలియనట్టే ఉంటున్నారు, ముఖ్యంగా వాళ్ళ కోసమే ఇంత రాస్తున్నా.

సెప్టెంబర్ 1న బుడమేరు వాగు నీళ్ళు మన బెజవాడ సింగ్ నగర్ మీద పడ్డప్పుడు మనందరం ఏం అనుభవించామో మళ్ళీ చెప్పక్కర్లేదు. ఫ్రిజ్జులు, పరుపులు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ బురదే. తర్వాత ప్రభుత్వం కింది అంతస్తు మునిగినవాళ్ళకి 25,000, పై అంతస్తుల వాళ్ళకి 10,000 ఇచ్చింది, లిస్టులో పేరు రానివాళ్ళ చేత కమిటీ తరఫున దగ్గరుండి అప్లికేషన్లు పెట్టించాం. ఆ డబ్బు అకౌంట్లో పడి నెల తిరక్కుండానే మన వీధుల్లోకి రెండు స్కీములు దిగాయి. ఒకటి పౌడర్ డబ్బాల గొలుసు, రెండోది ఫోన్లో యాప్. పేర్లు ఇక్కడ రాయట్లేదు, కంప్లైంట్లో రాసాం.

ముందు మా తప్పు చెప్పాలి. ఆ డబ్బాల స్కీము వాళ్ళ మొదటి మీటింగ్ జరిగింది మన కమ్యూనిటీ హాల్లోనే. దసరా సెలవుల్లో ఇద్దరు వచ్చి హెల్త్ అవేర్‌నెస్ ప్రోగ్రామ్ అని చెప్పి 1,500 కట్టి హాలు తీసుకున్నారు, రసీదు మీద సంతకం నాదే. వరద తర్వాత జ్వరాలు ఎక్కువగా ఉన్నాయి కదా, మంచిదేలే అనుకున్నాం, లోపల ఏం చెప్తున్నారో ఒక్కరం కూడా వెళ్ళి కూర్చోలేదు. హాలు మనది కాబట్టి సంఘం వాళ్ళే పెట్టించారనుకుని చేరామని తర్వాత కనీసం ఐదుగురు నా మొహం మీదే అన్నారు. వాళ్ళన్నది నిజం. అందుకు కార్యదర్శిగా సభ్యులందరినీ క్షమించమని అడుగుతున్నా.

స్కీము ఇలా ఉంటది. 12,000 కట్టి ప్యాకేజ్ తీసుకుంటే ఒక ఐడీ, ఏడు పౌడర్ డబ్బాలు ఇస్తారు. మీ కింద లెఫ్ట్‌లో ఒకరిని, రైట్‌లో ఒకరిని పెడితే పెయిర్ మ్యాచ్ అయినట్టు, 1,000 వస్తది. వాళ్ళ కింద మళ్ళీ ఇద్దరిద్దరు, అలా ఎంత కిందకి దిగితే అన్ని పెయిర్లు. ఆదివారం బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హాల్లో పెద్ద మీటింగ్, టిఫిన్ పెట్టి కోటు వేసుకున్న సీనియర్ ఒకాయన కారు తాళాలు చూపించి రెండేళ్ళ కింద నేనూ మీలాగే ఉన్నానమ్మా అంటాడు. మన వాళ్ళలో కొంతమంది అక్కడ ఏడ్చారంట కూడా. ఇల్లు మునిగి నెలరోజులైన మనిషికి ఎవరో స్టేజీ మీద నుంచి నువ్వు పైకొస్తావు అంటే ఏడుపు రాదా, దానికి వాళ్ళని తక్కువ చేసి మాట్లాడొద్దని నా మనవి.

మూడో లైన్లో కర్రీ పాయింట్ నడిపే పిన్నిగారి సంగతి ఆవిడ పర్మిషన్‌తోనే రాస్తున్నా, పేరు వద్దన్నారు. వరదలో ఆవిడ గ్రైండర్ పోయింది, 25,000 రాగానే కొత్తది కొనాలనుకున్నారు. మరదలు వచ్చి పట్టుబట్టేసరికి తన పేరున ఒకటి, కూతురి పేరున ఒకటి ఐడీలు తీసుకున్నారు, 24,000 అయిపోయాయి. ఇప్పటికీ పప్పు పక్కింట్లో రుబ్బుకుంటున్నారు. నేను వెళ్ళినప్పుడు మంచం కింద నుంచి అట్టపెట్టె లాగి చూపించారు, 14 డబ్బాలకి 13 సీలు కూడా తియ్యలేదు, తీసిన దాంట్లో పౌడర్ గడ్డ కట్టి స్పూను దిగట్లేదు. డబ్బా మీద ఎమ్మార్పీ 1,850 అని ఉంది, మందుల షాపు అతను 200కి కూడా వద్దన్నాడంట. తర్వాత దేవుడి గూట్లోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చారు. ముందు మీ ఫోన్లో ఉన్న పేర్లన్నీ రాయండమ్మా, ఎవరు కాదంటారో మీరే అనుకోవద్దు అని సీనియర్ చెప్పాడంట, అందుకని మొదటి పేజీ మధ్యలో గీత కొట్టి లెఫ్ట్ రైట్ అని రాసుకుని కింద పేర్లు రాసారు. పెద్దాడపడుచు. చిన్న చెల్లెలు. పాలబ్బాయి. అమ్మాయి ట్యూషన్ టీచరు. తెనాలి బావగారు. చేరినవాళ్ళకి పెన్సిల్‌తో టిక్కు, లెక్కపెడితే 19. ఆవిడ పేజీ తిప్పకుండా ఆ టిక్కుల మీద వేలు పెట్టుకుని అలాగే కూర్చున్నారు. నా 24,000 పోతే పోయాయి బాబూ, వీళ్ళ ఇళ్ళకి పండక్కి ఎలా వెళ్ళాలి అన్నారు.

నేను ఈ ఏడాది నేర్చుకున్నది ఆ మాటలోనే ఉంది. ఈ స్కీములు అమ్మేది పౌడర్ కాదండి, మన వరసలు. బయటివాడు వచ్చి 12,000 అడిగితే తలుపేస్తాం, వదిన అడిగితే ఎలా వేస్తాం? కంపెనీ వాడు దుకాణం పెట్టక్కర్లేదు, యాడ్ ఇవ్వక్కర్లేదు, మన పెళ్ళిళ్ళల్లో పేరంటాల్లో నలభై ఏళ్ళుగా కూడబెట్టుకున్న నమ్మకం వాడికి ఉత్తినే దొరుకుతుంది. డబ్బు పోయాక నోరు లేవకపోవడానికి కారణమూ అదే, పోగొట్టుకున్నవాడే ఇంకొకరిని చేర్పించి ఉంటాడు కాబట్టి అరిస్తే ముందు తన పేరే బయటికి వస్తది.

ధనుర్మాసంలో మన రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒక పని చేసారు, కమిటీ చేసిన అన్ని మీటింగుల కంటే అదే ఎక్కువ పనికొచ్చింది. పొద్దున్నే హాలు ముందు ఆడవాళ్ళు ముగ్గులేస్తుంటే పిండి గిన్నె అడిగి తీసుకుని ఒక చుక్క పెట్టారు, దాని కింద రెండు, వాటి కింద నాలుగు, అలా పెట్టుకుంటూ పోయారు, మొదటి చుక్కని వదిలేసి లెక్కపెడితే ఆరో వరసకి వాకిలి చాల్లేదు, రోడ్డు మీదకొచ్చింది. లెక్కపెట్టమన్నారు. ఆఖరి వరసలో 64 చుక్కలు, పైన ఉన్నవన్నీ కలిపితే 63. అంటే స్కీము ఎక్కడ ఆగినా సరే సగం పైన జనానికి కింద ఎవరూ ఉండరు, ఒక్క పెయిర్ కూడా రాదు. వాళ్ళ పైన ఉన్న 32 మందికి ఒక్కో పెయిర్, 12,000 కట్టినందుకు 1,000. ఆ పైన 16 మందికి 3,000, ఇంకా పైన 8 మందికి 7,000. కట్టింది వెనక్కి వచ్చేది పైనున్న ఏడుగురికే, మిగతా 120 మందీ నష్టమే. మొత్తం కట్టింది 15,24,000, కమిషన్లుగా పంచింది 3,21,000, మిగతాది డబ్బాల ఖరీదు పోను ఎవరి దగ్గరుందో మీరే చెప్పండి అన్నారు మాస్టారు. 20వ వరస నిండాలంటే 10,48,576 మంది కావాలంట. 2011 జనాభా లెక్కల్లో బెజవాడ సిటీ మొత్తం 10.34 లక్షలు, చంటిపిల్లలతో సహా. ఆ రోజు చుక్కలు తొక్కకుండా ఆటోలు పక్కనుంచి వెళ్ళాయి, సాయంత్రం దాకా ఎవరూ తుడవలేదు.

యాప్ సంగతి కుర్రాళ్ళది. 6,000 రీచార్జ్ చేస్తే రోజుకి 200, వీడియోలకి లైకులు కొట్టడమే టాస్క్, టెలిగ్రామ్‌లో గ్రూపు. నెల్లో పెట్టుబడి వచ్చేసి తర్వాత అంతా లాభమే అని లెక్క, అంత లాభం ఇచ్చే వ్యాపారం ఉంటే వాడు బ్యాంకులో అప్పు తెచ్చి తనే చేసుకుంటాడు గానీ మన పిల్లల 6,000 ఎందుకు. మొదటి రెండు మూడు విత్‌డ్రాలు కరెక్టుగా వస్తాయి, అవి మన డబ్బులే మనకిచ్చేవి, దాని స్క్రీన్‌షాట్ చూసి ఫ్రెండ్స్ చేరతారు. తర్వాత విత్‌డ్రా ఆగిపోద్ది, ట్యాక్స్ కడితే రిలీజ్ అవుతుంది అంటాడు, అది కడితే ఇంకోటి. ఒక ఆటో డ్రైవర్ గారబ్బాయి వాళ్ళమ్మ గాజులు తాకట్టు పెట్టి మరీ 58,000 పోగొట్టాడు. ఇంకో అమ్మాయి మాత్రం అనుమానం వచ్చిన గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసింది, కొంత డబ్బు అవతల అకౌంట్లో హోల్డ్ అయింది. ఆ నంబరు గోడ మీద రాయించాం, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది, రేపు చూద్దాం అనుకుంటే ఆ డబ్బు ఇంకో పది అకౌంట్లు దాటిపోద్ది.

ఇది మనకి కొత్తా అంటే కాదు. అగ్రిగోల్డ్ మన బెజవాడ నుంచి నడిచిందే. దాదాపు 32 లక్షల మంది డిపాజిటర్లు, 6,000 కోట్ల పైన డబ్బు. అది గొలుసు కాదు డిపాజిట్లే, కానీ అక్కడా ఏజెంటు అంటే మన బాబాయో మన పక్కింటి మాస్టారో. కంపెనీ మూతపడ్డాక జనం నిలదీసింది ఆ ఏజెంట్లనే. ప్రభుత్వం 2019లో పదివేల లోపు వాళ్ళకి, 2021లో ఇరవైవేల లోపు వాళ్ళకి చెల్లించింది, పెద్ద మొత్తాలు కట్టినవాళ్ళు ఏళ్ళ తరబడి కాయితాలు పట్టుకుని తిరిగారు. మన కాలనీలో ఆ బాండ్లు ప్లాస్టిక్ కవర్లో దాచుకున్నవాళ్ళు ఉన్నారు, వరదలో ముందు ఆ కవరే పైకి తీసామన్నారు.

ప్రొడక్ట్ ఇస్తున్నారు కాబట్టి లీగలే అని సీనియర్లు చెప్తారు, అది నమ్మొద్దు. ఇలా మనుషుల్ని చేర్పించి డబ్బు తిప్పే స్కీముల్ని 1978లోనే చట్టం చేసి నిషేధించారు. ఆమ్‌వే లాంటి పెద్ద కంపెనీ కేసులోనే 2007లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాని స్కీము ఆ చట్టం కిందకి వస్తుందని చెప్పింది. దుకాణం లేకుండా మనుషుల చేత అమ్మించే కంపెనీల కోసం 2021 చివర్లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ రూల్స్ ప్రకారం చేరడానికి ఫీజు తీసుకోకూడదు, గొలుసు స్కీము నడపకూడదు. పర్మిషన్ లేకుండా డిపాజిట్లు తీసుకునేవాళ్ళ మీద 2019 చట్టం వేరే ఉంది. ఎవరైనా డబ్బు అడిగితే వాళ్ళకి పర్మిషన్ ఉందో లేదో రిజర్వ్ బ్యాంకు వాళ్ళ సచేత్ వెబ్‌సైట్లో చూసుకోవచ్చు, కంప్లైంటు కూడా అక్కడే పెట్టొచ్చు, చూడటం రాకపోతే ఆఫీసుకి రండి, మన కుర్రాళ్ళు చూసి పెడతారు.

మీటింగులో ఒకావిడ మంచి ప్రశ్న అడిగారు, మరి చీటీలు కూడా ఇలాంటివే కదా అని. కాదండి. చీటీలో ఇరవై మంది అంటే ఇరవై మందే, మొదటిరోజే లెక్క తేలిపోద్ది, ఆ ఇరవై మంది డబ్బే నెలనెలా పాట పాడుకున్నవాళ్ళకి వెళ్తది, కొత్తవాళ్ళు రావక్కర్లేదు. కాకపోతే 1982 చట్టం ప్రకారం రిజిస్టర్ అయిన చీటీ వేరు, ఇంట్లో నోటు పుస్తకం మీద నడిచే చీటీ వేరు, రెండోదాంట్లో నడిపేవాళ్ళు రాత్రికి రాత్రి వెళ్ళిపోతే మీ చేతిలో కాయితం ఉండదు.

కంప్లైంటు దగ్గరే ఎక్కువ కష్టపడ్డాం. ఆ 1978 చట్టంలో నడపడమే కాదు, చేరడం కూడా తప్పే అని రాసుంది, అది విని సగం మంది వెనక్కి తగ్గారు. మన కాలనీ వకీలు గారు రెండు సాయంత్రాలు కూర్చుని, భయపడి దాక్కునే బదులు మోసపోయినవాళ్ళుగా ముందుకొచ్చి అందరూ కలిసి వెళ్ళడమే మంచిదని నచ్చజెప్పారు. చివరికి 27 మంది సంతకాలతో ఫిబ్రవరిలో స్టేషన్‌లో ఇచ్చాం, రసీదులు, ఫోన్‌పే ఎంట్రీలు, వాట్సాప్ మెసేజీలు అన్నీ జత చేసాం. డబ్బు ఇంకా ఎవరికీ రాలేదు, వస్తదని నేను మాటివ్వను. డ్వాక్రా గ్రూపుల లీడర్లతో మాట్లాడి, ఇలాంటి జాయినింగుల కోసం అని తెలిస్తే గ్రూపు లోను ఇవ్వకూడదని రాయించుకున్నాం, ఎందుకంటే ముగ్గురు ఆడవాళ్ళు గ్రూపు డబ్బు తెచ్చి కట్టారు, ఇప్పుడు ఆ కిస్తీలు మిగతావాళ్ళ మీద పడ్డాయి. హాలు ఎవరికిచ్చినా ఇకనుంచి కమిటీ నుంచి ఒకరు లోపల కూర్చుంటారు. ఆ 1,500 సంఘం లెక్కలో కలపలేదు, కంప్లైంటు జిరాక్సులకి, ఆటో చార్జీలకి వాడేసాం.

మిగతా పనులు చెప్తాను. వరద పూడిక 11 ట్రిప్పులు తీయించాం, నాలుగో లైన్ డ్రైను ఇంకా పెండింగ్. చవితి ఈసారి చిన్న మట్టి విగ్రహంతో చేసి పందిరి డబ్బుతో భోజనాలు పెట్టాం. రెండు మెడికల్ క్యాంపులు, సంక్రాంతి ముగ్గుల పోటీ జరిగాయి. జమాఖర్చుల షీటు హాల్లో నోటీస్ బోర్డు మీద ఉంది, అనుమానం ఉన్నవాళ్ళు ట్రెజరర్ గారిని అడగండి.

పిన్నిగారి నోట్‌బుక్ గురించి ఒక మాట మిగిలింది. ఉగాది ముందు నుంచి ఆవిడ ఆ 19 ఇళ్ళకీ ఒక్కొక్కటిగా వెళ్తున్నారు, నేను మోసపోయి మిమ్మల్ని దింపాను, నా మీద కోపం ఉంటే తిట్టండి, కానీ మీరు ఇంకెవరినీ చేర్చొద్దు, వచ్చి కాయితం మీద సంతకం పెట్టండి అని చెప్పడానికి. తోడుగా కమిటీలోని ఒక అక్కగారు వెళ్తున్నారు. మూడు ఇళ్ళల్లో మంచినీళ్ళు కూడా ఇవ్వలేదంట. చిన్న చెల్లెలు మాత్రం తలుపు దగ్గరే పట్టుకుని ఏడ్చి, అన్నం పెట్టి పంపించింది. పెన్సిల్ టిక్కు పక్కన పెన్నుతో ఇంకో టిక్కు పెట్టుకుంటున్నారు, ఇప్పటికి 12 అయ్యాయి. తెనాలి బావగారింటికి వచ్చే ఆదివారం పొద్దున్న బయల్దేరుతున్నారు.