కిరండూల్ నుంచి కూర్మన్నపాలెం దాకా

గాజువాక, డిసెంబర్ 2025

ఒరేయ్ మావా,

ఎలా ఉన్నావ్? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఆ రోజు ఫోన్లో మన విశాఖ స్టీల్ ప్లాంట్ ఏమైందని అడిగావ్, సిగ్నల్ పోయి సగంలో ఆగిపోయింది, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

మొన్న కొత్తవలస వెళ్తుంటే రైల్వే గేటు పడింది. కేకే లైన్ (కొత్తవలస-కిరండూల్) గూడ్సు, ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం. వ్యాగన్లు లెక్కెడదామని మొదలెట్టి నలభై దాటాక వదిలేశా. బండి వెళ్ళాక చూస్తే బైక్ ట్యాంకు మీద సన్నగా ఎర్రదుమ్ము, వేలితో రాస్తే గీత పడింది. ఈ దుమ్ము వచ్చిన బస్తర్‌లోనే మావోయిస్టుల మీద ఆపరేషన్ కగార్ నడుస్తోంది, ఇక్కడేమో ఆ ఖనిజాన్నే మార్కెట్ రేటుకి కొనీ కొనీ మన ప్లాంటు చితికిపోయింది.

1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోతే వచ్చిన ప్లాంటు రా అది, 64 ఊళ్ళు భూములిచ్చాయి. టాటాకి సొంత ఇనుప గనులున్నాయి, సెయిల్‌కి ఉన్నాయి, మనకి మాత్రం ఇవ్వలేదు. పైగా అప్పులు తెచ్చి 73 లక్షల టన్నుల కెపాసిటీకి పెంచారు, వడ్డీలు మీదపడ్డాయి, 2021 జనవరిలో కేంద్రం వాళ్ళు నూటికి నూరు శాతం అమ్మేస్తామన్నారు, మళ్ళీ 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు. ఆ రోజు నాకు నిజంగా కళ్ళనీళ్ళొచ్చాయి. కానీ గని లేకుండా ఎంత పోసినా చిల్లికుండలో నీళ్ళే కదా.

అడవి సంగతీ అంతే. 1989లో నక్సల్స్ కోసం గ్రేహౌండ్స్ పోలీసు దళం పెట్టారు, 2004 అక్టోబర్‌లో హైదరాబాద్ మంజీరా గెస్ట్‌హౌస్‌లో సర్కారుకీ నక్సల్స్‌కీ చర్చలు జరిగాయి, అక్కడ పెద్ద విషయం భూమే, మూడు నెలలు తిరక్కుండానే అంతా చెడింది. తర్వాత మళ్ళీ తుపాకులే. 2008లో బలిమెల రిజర్వాయర్‌లో పోలీసుల లాంచీ మీద మావోయిస్టుల కాల్పులకి 38 మంది పోయారు, వాళ్ళూ మన ఇళ్ళ పిల్లలే. మన శ్రీకాకుళం జియ్యన్నపేట నుంచి వెళ్ళిన మావోయిస్టు పార్టీ పెద్ద నంబాల కేశవరావు ఈ ఏడాది మే 21న ఎన్‌కౌంటర్లో పోయాడు, నవంబర్ 18న మారేడుమిల్లిలో వాళ్ళ కమాండర్ హిడ్మా పోయాడు. 2026 మార్చి 31 కల్లా మావోయిస్టులే ఉండరని కేంద్రం అంటోంది. 2018లో అరకు దగ్గర లివిటిపుట్టులో ఎమ్మెల్యేని చంపినవాళ్ళని నేను వెనకేసుకురాను, తుపాకి పోవాల్సిందే. కానీ ఆదివాసీలు సాగుచేసే అడవి భూములకి పోడు పట్టాలన్నీ ఫలానా తేదీకల్లా ఇచ్చేస్తామని అంత గట్టిగా ఎవరూ చెప్పరేంట్రా? ఆదివాసీల భూమి బయటివాళ్ళకి పోకూడదనే 1/70 చట్టం ఉంది, అక్కడ ప్రైవేటు గనులకి లీజులివ్వొద్దన్న 1997 సమతా తీర్పు ఉంది, పోలీసు క్యాంపు వెళ్ళినంత స్పీడుగా అవి కొండమీదికి చేరవేం?

నువ్వడిగేది నాకు తెలుసు, మనకి గని ఇస్తే పోయేది ఆ ఆదివాసీల కొండే కదా అని. నిజమే, ఇది నన్ను చాలా రోజులు తినేసింది. గ్రామసభ ఒప్పుకోకుండా ఒక్క తట్ట మట్టి కూడా తియ్యకూడదు, కొత్త కొండ తవ్వేకంటే ఇప్పటికే తవ్వుతున్న సర్కారు గనుల్లోనే మన ప్లాంటుకి వాటా ఇవ్వొచ్చు, అందులో ఆ ఊళ్ళకీ భాగం పెట్టొచ్చు. నాకు తోచింది ఇదే.

ప్లాంటు అమ్మొద్దని వేసిన కూర్మన్నపాలెం దీక్షా టెంటులో ఒక తాత కూర్చుంటాడు. చొక్కా జేబులో ప్లాస్టిక్ కవర్లో ఆర్-కార్డు (నిర్వాసితుల కార్డు), అంచులు నలిగి పసుపురంగుకి తిరిగిపోయింది. భూమి పోయినప్పుడు ఇచ్చింది. ఎవరడిగినా తీసి చూపించి, మళ్ళీ జాగ్రత్తగా మడిచి పెట్టుకుంటాడు. బస్తర్ గురించి ఆయన్ని అడిగితే, వాళ్ళకి కార్డైనా ఇచ్చారా అన్నాడు.

సంక్రాంతికి వస్తావుగా, ఆయన దగ్గరికి తీసుకెళ్తా.

నీ మావ