బుధవారం సెడర్‌కి పిల్లలతో వచ్చేవాళ్ళకి

అందరికీ నమస్కారం. ఏప్రిల్ 1 సాయంత్రం మా ఇంట్లో పెసహా సెడర్, అంటే యూదుల పెసహా పండగ మొదలయ్యే రాత్రి కథ చెప్పుకుంటూ చేసే విందు. మామూలుగా చీకటి పడ్డాకే మొదలుపెడతారు. చిన్నపిల్లలు ఉన్నారు కాబట్టి మనం ఆరింటికే కూర్చుందాం. ఇశ్రాయేలీయులు ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడ్డ కథంతా అయ్యాకే భోజనం, అందుకని పిల్లలకి ముందే కాస్త అన్నం పెట్టి తీసుకురండి.

ఈసారి నాలుగు ప్రశ్నలు మన బుజ్జిగాళ్ళే అడగాలి. "ఈ రాత్రి మిగతా రాత్రుల్లా ఎందుకు లేదు?" అని తెలుగులో అడిగినా చాలు. వాళ్ళు అడగాలనే కదా ఇదంతా! పార్‌స్లీ కొమ్మని ఉప్పునీళ్ళలో ముంచి తింటాం, అవి ఐగుప్తులో బానిసల కన్నీళ్ళకి గుర్తు. పోయినేడు మా చిన్నది నాలిక్కి ఉప్పు తగలగానే, "అమ్మా, వాళ్ళు నిజంగా ఏడ్చారా?" అంది. ఆ మాట నేను మర్చిపోలేను. దేవుడు ఐగుప్తు మీదికి పంపిన పది తెగుళ్ళు చెప్పేటప్పుడు ద్రాక్షరసంలో వేలు ముంచి పది చుక్కలు పళ్ళెంలో వేస్తాం. ఐగుప్తువాళ్ళు పడ్డ బాధకి మన గ్లాసులో సంతోషం అంత తగ్గాలని. పాత బట్టలు వేయండి, మరకలు పోవు. విరిచి దాచిన మత్సా (పులియని రొట్టె) ముక్క దొరికినవాళ్ళకి బహుమతి ఉంది.

దయచేసి వంటలేవీ తేవద్దు. గోధుమపిండిలో నీళ్ళు పడ్డ 18 నిమిషాల్లోపు కాల్చేస్తేనే మత్సా అవుతుంది, ఆలస్యమైతే పులిసినట్టే లెక్క, పండగలో అలాంటివి పనికిరావు. అందుకే బ్రెడ్డు, చపాతీ, రవ్వ ఏవీ ఇంట్లో ఉండకూడదు. మా అత్తగారివాళ్ళు అష్కెనాజీలు (మధ్య, తూర్పు ఐరోపా మూలాల యూదులు), ఈ పండగలో అన్నం, పప్పు కూడా తినరు, కాబట్టి పులిహోర కూడా వద్దు. పళ్ళు తెండి.

హరోసెత్‌లో (సెడర్‌లో తినే తియ్యటి పళ్ళ ముద్ద) అక్రోట్లు వేస్తాను. ఎవరికైనా పడకపోతే ఇవాళే చెప్పండి, వేరుగా చేస్తాను.