కవాటం మార్చిన మర్నాటి ఫొటో ఫలితం కాదు

సంపాదకులకు,

‘ఛాతీ కోయకుండా వృద్ధుడికి గుండె కవాటం మార్పిడి’ తరహా వార్తలు జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తున్నాయి. మంచం మీద నవ్వుతూ కూర్చున్న రోగి, చుట్టూ వైద్యులు. తొడ రక్తనాళం గుండా గొట్టంతో కొత్త కవాటం పెట్టే, టావీ అని పిలిచే ఆ చికిత్స నిజంగా మంచిదే. కానీ ఆ ఫొటో తీసేది కవాటం వేసిన మర్నాడో మూడోనాడో. ఫలితం లెక్కించాల్సింది 30 రోజులకు, ఏడాదికి, అయిదేళ్లకు. ఆ లెక్క మాత్రం వార్తల్లో ఉండదు.

వయసు పైబడే కొద్దీ, గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని అయోర్టిక్ కవాటం రెక్కల మీద కాల్షియం పేరుకుని అవి బిరుసెక్కుతాయి. ఆయాసం, ఛాతీనొప్పి, నడుస్తూ కళ్లు తిరిగి పడిపోవడం మొదలయ్యాక మందులతో కాలం గడపడం కుదరదు. 2010లో వెలువడిన పార్ట్‌నర్ పరిశోధన ఈ సంగతి తేల్చేసింది. అందులో చేరింది శస్త్రచికిత్సకు తట్టుకోలేరని పక్కన పెట్టిన రోగులు. సగటు వయసు 83. మందులు, ఇతర మామూలు చికిత్సలతో సరిపెట్టిన వారిలో ఏడాది తిరిగేసరికి 50.7 శాతం మంది చనిపోయారు. తొడ ధమని గుండా కవాటం వేయించుకున్న వారిలో 30.7 శాతం. ఏడాదిలో వందకు ఇరవై ప్రాణాలు నిలబెట్టే చికిత్సలు కార్డియాలజీలో అరుదు. అయితే అదే పరిశోధనలో అయిదేళ్లకు చూస్తే కవాటం వేయించుకున్న వారిలోనూ 71.8 శాతం మంది లేరు. వారిలో చాలామందికి అప్పటికే ఊపిరితిత్తుల జబ్బో, కిడ్నీ జబ్బో ఉంది. కొత్త కవాటం వాటిని బాగుచేయదు. ఇంట్లోవాళ్లకు ఈ రెండు అంకెలూ చెప్పాలి.

2019లో వచ్చిన పార్ట్‌నర్-3 ఇంకో రకం రోగులది. ఆపరేషన్ ముప్పు తక్కువగా ఉన్న 1000 మంది, సగటు వయసు 73. మరణం, పక్షవాతం, మళ్లీ ఆసుపత్రిలో చేరడం కలిపి చూస్తే ఏడాదికి టావీలో 8.5 శాతం, ఓపెన్ హార్ట్‌లో 15.1 శాతం. అందరూ చెప్పుకునేది ఇదే. అయిదేళ్లకు అది 22.8, 27.2 అయింది. ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు. మరణాలు విడిగా తీస్తే టావీలో 10, ఆపరేషన్‌లో 8.2 శాతం. అంటే లాభం ఎక్కువగా తొలి నెలల్లోనే. ఆసుపత్రిలో ఏడు రోజులకు బదులు మూడు, గుండె లయ కొత్తగా తప్పడం 39.5 శాతానికి బదులు 5 శాతం. ఎనభై ఏళ్ల మనిషికి అదే కొండంత లాభం. అరవై ఏళ్ల మనిషి మాత్రం ఆ కవాటం మళ్లీ పాడయ్యే రోజు గురించీ ఆలోచించాలి. అందుకే అమెరికా వైద్య సంఘాల 2020 మార్గదర్శకాలు 65 లోపు వారికి శస్త్రచికిత్స, 80 దాటిన వారికి టావీ, 65, 80 ఏళ్ల నడుమ ఉన్నవారికి రోగితో మాట్లాడి నిర్ణయించమన్నాయి. పుట్టుకతోనే రెండు రెక్కల కవాటం ఉన్నవారిని పార్ట్‌నర్-3 చేర్చుకోలేదు. యాభై అయిదు, అరవైలకే కవాటం ఇరుకై వచ్చేవారిలో ఇలాంటివారు చాలామంది. పార్ట్‌నర్-3 శాతాలు వీరికి చూపించి ఒప్పించడం న్యాయం కాదు.

ముందే తీసే సీటీ స్కాన్‌లో సగం ఫలితం నిర్ణయమైపోతుంది. కవాటం కూర్చునే వలయం కొలత తప్పి చిన్న కవాటం వేస్తే పక్కల నుంచి లీకు, పెద్దది వేస్తే వలయమే చిట్లే ప్రమాదం. గుండె కండరానికి రక్తమిచ్చే కరోనరీ ధమనుల మూలాలు వలయానికి మరీ దగ్గరగా, 10 మిల్లీమీటర్ల లోపు ఎత్తులో ఉంటే పాత రెక్కలు వాటికి అడ్డుపడవచ్చు. కవాటాన్ని తీసుకెళ్లే 14 ఫ్రెంచ్ సైజు గొట్టం పోవాలంటే తొడ ధమని లోపలి వ్యాసం కనీసం 5 నుంచి 5.5 మిల్లీమీటర్లు ఉండాలి. సన్నగా, పొట్టిగా ఉండే ఆడవారిలో రక్తనాళం చీలి రక్తం పోయేది ఇక్కడే. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువగా ఉన్నవారికి సీటీకీ చికిత్సకూ నడుమ కొన్ని రోజులు ఎడం ఇవ్వకపోతే స్కాన్‌లోనూ చికిత్సలోనూ ఎక్కించే డై దెబ్బ రెండుసార్లు కిడ్నీల మీద పడుతుంది. ఇక నడక పరీక్ష. అయిదు మీటర్లు మామూలుగా నడవడానికి 6 సెకన్లు దాటితే బలహీనత ఉన్నట్టు లెక్క. కావలసింది టేపు, గడియారం. రూపాయి ఖర్చు లేదు, అందుకే కాబోలు చాలా ఫైళ్లలో కనిపించదు.

పేస్‌మేకర్ మాట ఎవరూ ముందుగా ఎత్తరు. గుండె లయకు సంకేతాలు మోసే కణజాలం సరిగ్గా ఈ వలయం కింద నుంచే పోతుంది. కొత్త కవాటం ఫ్రేము దాన్ని నొక్కితే గుండె వేగం పడిపోతుంది. పార్ట్‌నర్-3లో బెలూన్‌తో విప్పే కవాటం వేసిన 6.5 శాతం మందికి నెలలోపు పేస్‌మేకర్ పెట్టాల్సి వచ్చింది. దానంతట అదే విచ్చుకునే రకానికి, ఎవల్యూట్ లో రిస్క్ పరిశోధనలో, 17.4 శాతం. ఈసీజీలో ముందే కుడి బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండె కుడివైపు సంకేతాల దారిలో అడ్డంకి) ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. గుండె వేగం ఇలా పడిపోవడం రెండు మూడు రోజుల తర్వాత కూడా రావచ్చు. ఈసీజీ మారినా ‘48 గంటల్లో ఇంటికి’ అనే ప్రకటన కోసం పంపించేస్తే, ఊళ్లో బాత్‌రూమ్‌లో పడిపోయిన మనిషి ఏ లెక్కలోనూ చేరడు.

ఇంటికొచ్చాక మందుల విషయం. స్టెంటు గానీ, రక్తం పలచన చేసే మందు వాడాల్సిన మరో జబ్బు గానీ లేనివారికి ఆస్పిరిన్ ఒక్కటే చాలు. 2020 నాటి పాప్యులర్ టావీ పరిశోధనలో ఆస్పిరిన్ ఒక్కటే వాడితే ఏడాదిలో రక్తస్రావం 15.1 శాతం, రక్తం గడ్డకట్టకుండా ఆపే మరో మందు క్లోపిడోగ్రెల్ కలిపితే 26.6. పన్ను పీకించుకునే ముందు కొత్త కవాటం సంగతి దంతవైద్యుడికి చెప్పి యాంటీబయాటిక్ తీసుకోవాలి. డిశ్చార్జి కాగితంలో ఇది తెలుగులో రాసి ఇస్తే బాగుంటుంది.

ప్రైవేటులో ఈ చికిత్స ఖర్చు 15 లక్షల దాకా, ఒక్కోచోట అంతకుమించి కూడా అవుతోంది. 70 దాటిన వారికి 2024 అక్టోబరులో వచ్చిన ఆయుష్మాన్ వయ వందన కార్డు పరిమితి కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. పొలం అమ్మి కట్టేవారికి ఆ ఆసుపత్రి ఫలితాలు తెలుసుకునే హక్కు లేదా? అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే బీమా అయిన మెడికేర్ డబ్బు చెల్లించాలంటే ప్రతి కేసూ జాతీయ రిజిస్టర్‌లో చేరాలని 2012లో, సర్జన్, కార్డియాలజిస్టు ఇద్దరూ రోగిని చూసి ఉండాలని 2019లో షరతులు పెట్టారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ ట్రస్టు, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు ఆసుపత్రులను తమ జాబితాలో చేర్చుకునేటప్పుడు ఇవే షరతులు పెట్టవచ్చు. ఎవరి జేబులోంచి డబ్బు వచ్చినా సరే, ప్రతి టావీకీ వయసు, ఆపరేషన్ ముప్పును అంచనా వేసే స్కోరు, 30 రోజులకు, ఏడాదికి మరణం, పక్షవాతం, పేస్‌మేకర్, లీకు, తిరిగి చేరిక నమోదు చేయాలి. ఏటా ఆసుపత్రి పేరుతో వెబ్‌సైట్‌లో పెట్టాలి. కష్టమైన కేసులు తీసుకునే ఆసుపత్రికి చెడ్డపేరు రాకుండా ముప్పు స్కోరును బట్టి సరిచూసిన అంకెలే వేయాలి.

అంతవరకు మీ విలేకరులు ఒక పని చేయవచ్చు. ఆసుపత్రి పెట్టే విలేకరుల సమావేశానికి వెళ్లినప్పుడు, ఈ ఆసుపత్రిలో గత ఏడాది ఎన్ని కవాటాలు వేశారు, వారిలో ఇవాళ ఎందరు బతికి ఉన్నారు, ఎందరికి పేస్‌మేకర్ పెట్టారు అని అడిగి, చెప్పిన జవాబును ఫొటో కింద వేయండి.

– ఒక కార్డియాలజిస్టు, గుంటూరు