టికెట్లు ఇప్పుడే కొనవద్దు, నాన్నగారూ

వెస్ట్ యార్క్‌షైర్,
జూన్ 14

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

ఆదివారం ఫోనులో మీరు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "జనవరిలో ఇంటి బేరం కుదిరింది, జూన్ వచ్చింది, ఇంకా రిజిస్ట్రేషన్ కాకపోవడం ఏమిటమ్మా? అమ్మేవాడు ఆడిస్తున్నాడేమో చూసుకో" అన్నారు. ముప్పై అయిదేళ్లు రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట కూర్చుని దస్తావేజులు రాసిన మనిషికి నాలుగు ముక్కల్లో చెబితే నమ్మకం ఎలా కుదురుతుంది? అందుకే ఈ ఉత్తరం.

ఇంగ్లండులో బేరం కుదరడం అంటే మన లెక్కలో ఏమీ కుదరనట్టే. మేం చెప్పిన ధరకు వాళ్లు సరేనన్నారు, ఏజెంటు ఇంటి ముందు బోర్డు మీద అమ్ముడైందని కూడా అంటించాడు. కానీ బయానా లేదు, అగ్రిమెంటు లేదు. ఇరువైపుల కాంట్రాక్టులు మార్చుకునే రోజు దాకా వాళ్లు మరొకరికి అమ్ముకోవచ్చు, మేం వద్దనుకోవచ్చు. ఎవరూ ఎవరికీ నష్టపరిహారం ఇవ్వక్కర్లేదు. ఆ మార్పిడి రోజున మాత్రం మామూలుగా ధరలో పదో వంతు కట్టాలి. ఆ తర్వాత వెనక్కి తగ్గితే ఆ డబ్బు పోయినట్టే. అంటే ఈ అయిదు నెలలూ మేం గాలిలో ఉన్నాం. అయినా ఇల్లు పరీక్షించిన ఇంజినీరుకీ లాయరుకీ ఖర్చు పెడుతూనే ఉన్నాం. ఇది తెలివైన పద్ధతి అని నాకు ఇప్పటికీ అనిపించదు.

అమ్మేవాళ్లు ఆడించడం లేదు. ఆ దంపతులు మేం ఇచ్చే డబ్బుతోనే మరో ఇల్లు కొంటున్నారు. ఆ ఇంటివాళ్లు ఇంకొకటి. దీన్ని చెయిన్ అంటారు. మాతో కలిపి నాలుగు ఇళ్లు, అన్నీ ఒకే రోజు చేతులు మారాలి. ఒక్క ఇంటి కాగితం ఆగితే నాలుగు కుటుంబాల సామాన్లూ అట్టపెట్టెల్లోనే.

ఎక్కడ ఆగిందో కనుక్కోవడానికే నాకు మూడు నెలలు పట్టింది. వారం వారం లాయరు ఆఫీసుకు ఫోను చేసి "ఎంతవరకు వచ్చింది?" అని అడిగేదాన్ని. "పని నడుస్తోంది" అనేవారు. ఒకరోజు మీరు గుర్తొచ్చారు. కక్షిదారు ఎవరైనా "నా పని ఏమైంది" అని వస్తే, "ఏ కాగితం, ఎవరి దగ్గర, ఏ తేదీన ఇచ్చావు" అని అడిగేవారు కదా. నేనూ అదే పట్టుకున్నాను. ఏ కాగితం రావాలి, ఎవరు ఇవ్వాలి, ఎప్పుడు అడిగారు, ఈ మూడే రాసి మెయిల్ పెట్టాను. రెండు రోజుల్లో అసలు సంగతి బయటపడింది.

చెయిన్ పై కొసన ఉన్నది ఒక పెద్దావిడ ఇల్లు. ఆవిడ కిందటి ఏడాది పోయారు. పిల్లలకు ప్రొబేట్ రావాలి, అంటే పోయినవారి ఆస్తి అమ్మడానికి కోర్టు ఇచ్చే అధికార పత్రం. అది చేతికి వస్తే గానీ కొనేవాళ్ల లాయరు కదలరు. పైగా ఆ ఇల్లు ల్యాండ్ రిజిస్ట్రీ పుస్తకాల్లోనే లేదు. రిజిస్ట్రీ 1862 నుంచీ ఉన్నా, అమ్మిన ప్రతి ఇల్లూ నమోదు కావాలన్న నిబంధన ఇంగ్లండ్, వేల్స్ అంతటా అమలైంది 1990 డిసెంబరు 1 నుంచే. అంతకుముందు కొని మళ్లీ అమ్మని ఇళ్లు కొన్ని ఇంకా పాత దస్తావేజుల కట్టల మీదే నిలబడి ఉన్నాయి. ఆవిడ ఇంటి కట్ట అటక మీద ఓ బిస్కెట్ల డబ్బాలో దొరికిందట. లింకు డాక్యుమెంట్లు చూస్తున్నారు. ముప్పై ఏళ్ల లావాదేవీలు చూపే ఈసీ లేనిదే మీరు కలం పట్టేవారు కాదు. ఇక్కడ కనీసం 15 ఏళ్ల నాటి పత్రం నుంచి వరుస చూపిస్తే చట్టానికి సరిపోతుంది.

మా ఇంటికి వచ్చిన చిక్కు వేరు. వంటగదికీ భోజనాల గదికీ మధ్య గోడ ఎప్పుడో పడగొట్టారు, దానికి కౌన్సిల్, అంటే ఇక్కడి మునిసిపాలిటీ, ఇచ్చిన ధ్రువపత్రం లేదు. ఇంజినీరు కింద మోకాళ్ల మీద కూర్చుని పైన దూలం చూసి, గట్టిగానే ఉందన్నాడు. కౌన్సిల్‌నే అడుగుదామని నేను ఫోను చేతిలోకి తీసుకోగానే లాయరు కంగారుగా ఆపింది. పత్రం లేనందుకు బీమా చేయిస్తారట, కానీ ఒక్కసారి కౌన్సిల్ చెవిన వేస్తే ఆ బీమా దొరకదట! మీ అల్లుడు అరగంట నవ్వారు. ఇక ఇక్కడ ఒకప్పుడు బొగ్గు గనులు ఉండేవి కాబట్టి ఇంటి కింద తవ్వకాలు జరిగాయా అని కూడా ఒక నివేదిక తెప్పించారు. అందులో భయపడాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు మీతో పని. మీరు పంపిన డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూడడం లాయరుకు చట్టప్రకారం తప్పదు. స్థలం అమ్మిన దస్తావేజు అనువాదం చేయించి ఇచ్చాం. హద్దులు చెప్పే చెక్కుబందీ అన్నచోట అనువాదకుడు బ్యాంకు చెక్కు అని రాసేశాడు. "ఏ బ్యాంకు చెక్కు, నంబరు ఎంత?" అని లాయరు మెయిల్. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం, ఈ మధ్య గల స్థలం అని నేనే కూర్చుని విడమరిచి రాశాను. మీ చేతిరాత కళ్లముందు మెదిలింది.

అది తీరింది, పేరు దగ్గర మళ్లీ ఆగింది. దస్తావేజులో మీ ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, బ్యాంకు ఖాతాలో పూర్తిగా ఉంది. రెండూ మీరేనని నోటరీ చేసిన అఫిడవిట్ కావాలి. దాంతోపాటు ఈ డబ్బు బహుమతే, అప్పు కాదు, ఇంట్లో మీకు వాటా అక్కర్లేదు అని మళ్లీ ఒక ఉత్తరం. ఈ మాట రాయించుకోవడం నాకు ఎంత కష్టంగా ఉందో మీకు చెప్పక్కర్లేదు. మాకు లోను ఇచ్చే బ్యాంకు అడిగే నమూనా అదే.

బ్యాంకు లోను ఇస్తానన్న మాట ఆగస్టు ఆఖరు దాకే చెల్లుతుంది, పొడిగించమని ముందే అడిగాం. అమ్మ టికెట్లు చూస్తోందని తమ్ముడు చెప్పాడు. కాంట్రాక్టులు మారిన సాయంత్రం నేనే ఫోను చేస్తాను, తాళాలు ఇచ్చే తేదీ అప్పుడే ఖాయమవుతుంది. అప్పుడు కొనండి.

అఫిడవిట్ కొరియర్‌లో వేసే ముందు రెండు వైపులా స్కాన్ తీసి తమ్ముడితో పంపించండి. వెనుక వైపు నోటరీ ముద్ర స్పష్టంగా పడాలి.

మీ అమ్మాయి